కొత్తల పండుగకు ముందు కాయ

జంపక్క నోటికి గూడెం గూడెమంతా జడిసేది. ఆమె అరిచే మనిషి కాదు, తిట్టే మనిషి అంతకంటే కాదు. ఒక్క మాట అనేసి తన పనిలో తాను పడిపోతుంది. ఆ మాట తగిలినవాళ్ళు మాత్రం ఏడాది పొడుగునా దాన్ని మోసుకు తిరగాలి. పైగా ఆమె మొగుడు వీరన్న ఆ గూడేనికి వడ్డె, అంటే ముత్యాలమ్మకు పూజ చేసే మనిషి. పూజ ఆయనదే గానీ, ఏ పండుగకు ఏం కావాలో, ఎవరింట్లో ఏం తప్పు జరిగిందో గుర్తు పెట్టుకునేది జంపక్కే. వీరన్న పాపం కోడిపుంజు తేవడం మరిచినా మరుస్తాడేమో, ఆమె మాత్రం ఏదీ మరవదు.

ములకలపల్లి దాటి అడవిలోకి మళ్ళితే వస్తుంది వాళ్ళ కోయ గూడెం. అక్కడ కొత్త కాయ ఏది వచ్చినా ముందు దేవతకూ, పోయిన పెద్దలకూ పెట్టాలి. దాన్నే కొత్తల పండుగ అంటారు. చిక్కుడుకొకటి, మామిడికొకటి. మామిడి కొత్తలు కాకుండా పచ్చికాయ నోట పెట్టడానికి వీల్లేదు. గాలికి రాలి కాళ్ళ మీద పడ్డా సరే, తీసి పక్కన పెట్టాల్సిందే. ఎవరైనా ఆగలేక తింటే, ఆ ఏడు రావలసిన కీడంతా ముందు తిన్నవాళ్ళ మీదే పడుతుందని ఆ గూడెం నమ్మకం. వాళ్ళ తర్వాత తిన్నవాళ్ళకు అంత భయం లేదు, ఒక కోడిని తప్పు కింద పెట్టుకుంటే సరిపోతుంది.

పోయినేడు జంపక్క సొంత కోడలే ఆ తప్పు చేసింది. కోడలి పేరు సాయిప్రియ. ఇల్లందు బొగ్గు కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళూ కోయవాళ్ళే, కాకపోతే తండ్రికి బొగ్గు బాయిలో, అంటే గనిలో, ఉద్యోగం దొరికి క్వార్టర్సులో స్థిరపడ్డారు. క్వార్టర్సులో కొత్తలెక్కడివి! కాయ కనపడితే ఉప్పూ కారం అద్దుకుని తినడమే. ఆ అలవాటున, మూడో నెల వేవిళ్ళతో పుట్టింటికి వెళ్ళినప్పుడు, గేటు ముందున్న మామిడిచెట్టు కాయ కోసుకుని తినేసింది. వారం తిరక్కుండా కడుపు పోయింది. దవాఖానాలో డాక్టరమ్మ, ఇలాంటివి జరుగుతుంటాయి, నువ్వేం చేసినందుకూ కాదు అని చెప్పి పంపించింది. గూడేనికి వచ్చాక బోరింగు దగ్గర, నలుగురిలో, బిందె ఎత్తుకుంటూ జంపక్క ఒకే ఒక్క మాట అంది.

"కొత్త గాకముందే నోట్ల పెట్టుకున్నది. కడుపెట్ల నిలుస్తది?"

బిందె తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. సాయిప్రియ అక్కడే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల గట్టిగా నవ్వగా ఎవరూ చూడలేదు. చెప్పిన పని చేస్తుంది, పెట్టింది తింటుంది, అడిగితే పలుకుతుంది.

ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. ఇంట్లోవాళ్ళకు తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. కొడుకు వాసు తల్లిని పోరు పెట్టాడు. "అమ్మా, నువ్వన్నా దాన్ని యాడికన్నా తీస్కపోవే. ఇంట్లనే కూసుంటే దానికి పిచ్చి లేసేటట్టున్నది." డాక్టరమ్మ కూడా ప్రయాణం చేయొచ్చంది. సరిగ్గా అప్పుడే సంఘం ఆడవాళ్ళకు, బీడీల కోసం ఏరి అమ్మిన తునికాకు బోనసు చేతికొచ్చి, ఇప్పపువ్వు రాలడం మొదలయ్యేలోపు ఎక్కడికైనా పోయొద్దామని గుసగుసలు బయల్దేరాయి. పున్నమ్మ తిరుపతి అంది. ఇంకొకామె శ్రీశైలం అంది. కొత్తగూడెం నుంచి తుఫాను బండి తెచ్చిన డ్రైవరు కోటేష్ ఇద్దరి మాటా కొట్టేశాడు.

"దేవుండ్లను ఎప్పుడన్న చూడొచ్చు. వైజాగ్ పోదాం. మా కాలనీలోల్లను ఎన్నిసార్లు తీస్కపోయిన్నో. సముద్రం చూడకుండ సచ్చిపోతరా ఏంది?"

సచ్చిపోవడం మాట వినగానే పున్నమ్మ ముందు బండెక్కింది. ఆమె జంపక్కకు వరసకు చెల్లెలు, ఊళ్ళో మాటలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే విశాఖలో దిగారు. దిగీదిగగానే కోటేష్ మాట తీరే మారిపోయింది. చెయ్యి చాపి చూపించడం, "ఇది చూడకపోతే వైజాగ్ చూసినట్టే కాదు" అనడం. ప్రతి చోటా అదే మాట. దూరంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండను చూపించి దాన్ని డాల్ఫిన్ ముక్కు అంటారన్నాడు. జంపక్క కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ముక్కేడిదిరా? అడివిపంది మూతి లెక్కున్నది."

ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. జంపక్క ఓరగా కోడలి వైపు చూసింది. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని బొట్టు సరిచేసుకుంటోంది, నవ్వలేదు.

ఓడరేవు పక్కన పాత ఊళ్ళో మూడు కొండలు చూశారు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. పూర్వం ఓడలోళ్ళు రేవు దాటేటప్పుడు మూడింటికీ దండం పెట్టుకునేవాళ్ళని కోటేష్ చెప్పాడు. జంపక్కకు ఆ పద్ధతి నచ్చింది. ఎవరి సముద్రమో, ఎవరి దేవుడో తెలియని చోట అందరికీ మొక్కడమే మేలనుకుని మూడు కొండలకూ చేతులెత్తి మొక్కింది. మూడుసార్లూ అడిగింది ఒకటే: ఈ పిల్ల కడుపు చల్లగా ఉండాలి. మొక్కి పక్కకు తిరిగి చూస్తే సాయిప్రియ కూడా కళ్ళు మూసుకుని ఉంది. ఏం అడుగుతోందో అడగాలనిపించింది గానీ జంపక్కకు నోరు రాలేదు. ఎదుటివాళ్ళ నోరు మూయించడమే తెలుసు గానీ, ఎదుటివాళ్ళను మాట్లాడించడం ఆమెకు ఎప్పుడు అలవాటు గనక!

రేవులో పెద్ద ఓడ నుంచి నల్లగా బొగ్గు దించుతున్నారు. అది చూసి కోటేష్‌కు ఒళ్ళు మండింది. "మన తాన బొగ్గే లేనట్టు యాడికెల్లో ఓడల్ల తెస్తరు చూడుండ్రి!" అన్నాడు. వాళ్ళ నాయన కూడా బాయి మనిషే మరి. చేపల రేవులో మాత్రం ఆడవాళ్ళు ఒక పట్టాన బండెక్కలేదు. ఎండుచేపల దగ్గర బేరం మొదలైతే జంపక్క అన్నీ మరిచిపోయింది. అమ్మే ఆమె యాసలో ఆమె, జంపక్క యాసలో జంపక్క, ఇద్దరూ కాసేపు పోట్లాడుకుని, ఆఖరికి ఒకరి పిల్లల గురించి ఒకరు అడిగి తెలుసుకుని విడిపోయారు. బండిలో ఎండుచేపల వాసనకు కోటేష్ ముక్కు మూసుకున్నాడు.

అసలు సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది. ఆకలి మీద అందరూ ఒక మెస్సులో వరసగా కూర్చున్నారు. చివరన కూర్చున్న సాయిప్రియకు ముందు వడ్డన వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ పడని పిల్ల, పప్పు కలుపుకుని గబగబా రెండు ముద్దలు తింది. మూడో ముద్దలో పంటి కింద ముక్క తగిలింది. నోట్లోంచి తీసి చూసుకుంది. మొహంలో నెత్తురు లేదు.

వడ్డించే అబ్బాయి మహా సంబరంగా అన్నాడు. "మామిడికాయ పప్పండమ్మా. నిన్న కోసిన కాయలు. తినేయండి, సూపర్‌గుంటది!"

నిల్వ కాయ అన్నా బాగుండేది. పోయినేటి కాయకు తప్పు లేదు. పాపం ఆ అబ్బాయికేం తెలుసు, గొప్ప కోసం నిజం చెప్పాడు. వరసలో ఉన్న చేతులన్నీ విస్తళ్ళ మీద ఆగిపోయాయి. ఇంకా ఎవరూ పప్పు ముట్టలేదు. పున్నమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో అయ్యో! మామిడి కొత్తలు గాలే గదనే! ముందు తిన్నది ఎవలు?"

ఎవరో అందరికీ తెలుసు. అయినా అడిగింది. అందరి కళ్ళూ వరస చివరికి తిరిగాయి. సాయిప్రియ లేచి, చెయ్యి కూడా విదిలించుకోకుండా లోపలికి పరుగెత్తింది. జంపక్క వెనకే వెళ్ళింది.

చేతులు కడిగే చోట ఆ పిల్ల వంగి, గొంతులోకి వేళ్ళు పెట్టుకుని కక్కుతోంది. తిన్న రెండు ముద్దలూ ఎప్పుడో వచ్చేశాయి. ఇంకేమీ రావడం లేదు. అయినా వేళ్ళు తీయడం లేదు. కళ్ళ నిండా నీళ్ళు, మెడ నరాలు ఉబ్బిపోయి, ఒక చెయ్యి గొంతులో, ఒక చెయ్యి కడుపు మీద.

"సాలు బిడ్డా, సాలు. అంత పోయింది."

"ఇంక ఉన్నదేమో అత్తా. ఒక్క ముక్కన్న లోపల ఉన్నదేమో."

"లేదు బిడ్డా. నేను చూసిన గదా."

"మీరే అన్నరు గదత్తా. నోట్ల పెడ్తే నిలవదని." ఆ గొంతులో కోపం లేదు, దెప్పడం లేదు. ఎవరో పెద్దవాళ్ళు చెప్పిన మంచి మాటను గుర్తు చేసుకున్నట్టుగా అంది. "ఈసారి నిలవాలె అత్తా."

జంపక్క ఆ పిల్ల వీపు నిమురుతూ నిలబడింది. ఆమె జన్మలో ఎన్ని మాటలు అందో! ఏ ఒక్కటీ ఇలా ఎదురుగా వచ్చి నిలబడలేదు. కొట్టినా తిట్టినా ఇంత నొప్పి ఉండదు. తను బిందె ఎత్తుకుంటూ అనేసి పోయిన మాటను ఈ పిల్ల ఏడాదిగా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది, ఇప్పుడు బిడ్డను కూడా దాని పక్కనే మోస్తోంది. జంపక్కకు ఏడుపొచ్చింది. కొంగుతో కోడలి మొహం తుడిచింది, తన మొహం తుడుచుకోవడం మరిచిపోయింది.

అక్కడి నుంచి సాయిప్రియ బయటి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో మిగిలిన నీళ్ళే కొంచెం కొంచెం తాగింది. జంపక్క ఇడ్లీ తెప్పిస్తే, చట్నీలో ఏముందో అంది. చట్నీ తీసేయిస్తే, అదే చేత్తో పెట్టారేమో అంది. చివరికి జంపక్క అరటిపండు ఒలిచి చేతిలో పెట్టింది.

"అరటికి కొత్త అయిందా అత్తా?"

"అరటికి కొత్తలు ఉండయి బిడ్డా. ఎప్పుడన్న తినొచ్చు."

"నాకు తెల్వదత్తా. ఏది తినొచ్చో, ఏది తినొద్దో నాకేం తెల్వదు." పండు అలాగే చేతిలో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి దాన్ని పున్నమ్మకు ఇచ్చేసింది.

సాయంత్రం బీచ్‌లో సబ్‌మెరైన్‌కు తీసుకెళ్ళాడు కోటేష్. నీళ్ళ అడుగున తిరిగిన ఓడ అట, ఇప్పుడు ఒడ్డుకు తెచ్చి నిలబెట్టారు. ఇది చూడకపోతే వైజాగ్ చూసినట్టే కాదట. లోపల అంతా ఇనుము, గొట్టాలు, చక్రాలు. తల వంచి, ఒక గుండ్రటి కంతలోంచి ఇంకో అరలోకి కాలు పెట్టి దాటాలి. మనుషులు పడుకోవడానికి మంచాలు గోడకు అతుక్కుని ఉన్నాయి. "మా నాయన బాయిల దిగేది గిట్లనే ఉంటదట" అన్నాడు కోటేష్. సాయిప్రియ ఆ మాటకు ఆగి, మొదటిసారి ఏదో అడగబోయింది. వాళ్ళ నాయనా బాయి మనిషే గదా. నోరు తెరిచేలోపే కళ్ళు తిరిగి పక్కనున్న గొట్టం పట్టుకుని కిందకు జారింది.

కోటేష్, జంపక్క చెరో పక్కన పట్టుకుని బయటకు తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. గాలి తగిలాక కళ్ళు తెరిచింది. పెదాలు ఎండిపోయి తెల్లబారాయి.

"పొద్దుగాలకెల్లి ఏం తినలేదు అక్క. గిట్ల ఉంటే దవాఖానాకు తీస్కపోవుడే" అన్నాడు కోటేష్.

ఎదురుగా సముద్రం. ఇన్ని నీళ్ళుండీ ఒక్క బిందె తాగడానికి పనికిరావని పొద్దున జంపక్క ఆశ్చర్యపోయింది. ఇప్పుడు ఆమె అటు చూడటం లేదు. కొంచెం అవతల ఒకతను బండి మీద పచ్చి మామిడికాయలు కోసి, ఉప్పూ కారం చల్లి అమ్ముతున్నాడు. గాలి అటు నుంచే వీస్తోంది. సాయిప్రియ తల ఒక్క క్షణం బండి వైపు తిరిగింది. గొంతు కదిలింది. మళ్ళీ తల తిప్పేసుకుని, పెదాలు గట్టిగా బిగబట్టి, ఇసుక వైపు చూస్తూ కూర్చుంది.

జంపక్క అది చూసింది. ఇక ఆమెకు కూర్చోవడం చేతకాలేదు.

భయం లేదని కాదు. జంపక్క నమ్మకం ఉత్తుత్తి నమ్మకం కాదు. ముత్యాలమ్మ ముందు ఆమె ఒక్క అబద్ధం ఆడి ఎరగదు. వచ్చే వారం నుంచి తెల్లారకముందే అడవిలోకి పోయి ఇప్పచెట్ల కింద వంగి పువ్వు ఏరాలి. పాములుంటాయి, ఎలుగులుంటాయి. ముందు తిన్నవాళ్ళకు ఏమవుతుందో చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగింది. అవన్నీ గుర్తొచ్చాయి. అయినా లేచి బండి దగ్గరకు వెళ్ళింది. కాయ కోయించుకుంది. ఆకులో పెట్టించుకుని, అందరూ కూర్చున్న చోటికి, కోడలి ఎదుటకు వచ్చి నిలబడింది.

"ఓ జంపక్కా! ఏం చేస్తున్నవే!" పున్నమ్మ లేచి నిలబడింది.

జంపక్క సముద్రానికి కాదు, తమ ఊరు ఎటుందో అంచనా వేసుకుని అటు తిరిగి దండం పెట్టింది. "తల్లీ, ముందు తింటున్నది నేను. జంపక్కను. మనసుల పెట్టుకో" అంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, తొక్కతో సహా నమిలి, మింగింది. పులుపుకు కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఇంకో ముక్క తింది.

ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పున్నమ్మకు మాత్రం ధర్మసందేహం వచ్చింది. "నువ్వు ముందెట్ల తిన్నట్టే? హోటల్‌ల నీ కోడలు తినలేదా?"

"అది కక్కింది. నా కండ్లతోని చూసిన. కడుపుల నిలవంది తిన్నట్టా? లోపల ఉన్నది నాదే." జంపక్క పొట్ట మీద చెయ్యేసి చూపించింది. "ఊళ్ళె ఎవలన్న అడిగితే గట్లనే చెప్పు. కాదు, నువ్వు చెప్పుడెందుకు, నేనే చెప్త."

ఫోను తీసి అక్కడికక్కడే వీరన్నకు కలిపింది. స్పీకరు పెట్టమని పున్నమ్మ అడక్కముందే పెట్టింది.

"ఇన్నవా? నేను కొత్త గాకముందే మామిడికాయ తిన్న. ముందు తిన్నది నేనే. తెలువక కాదు, తెలిసే తిన్న."

వడ్డె గారు ఏం తీర్పు చెబుతారోనని అందరూ ఫోను చుట్టూ మూగారు. చివరికి వీరన్న గొంతు వచ్చింది, పూజారి గొంతు కాదు, మొగుడి గొంతు.

"నీకేమన్న ఐతదేమోనే..."

"ఐతే నాకే గదా అయ్యేది. ఇగ ఇప్పటికెల్లి పిల్లకేం కాదు. పెట్టేయ్" అంది.

సాయిప్రియ ఆమె కొంగు పట్టుకుంది. ఏడుస్తోంది. ఏడాదిగా ఏడవకుండా దాచుకున్న ఏడుపు. "వద్దత్తా. మీరెందుకు తిన్నరు? మీకేమన్న ఐతే నేనేం చెయ్యాలె?"

జంపక్క పక్కన కూలబడి, ఆ పిల్ల తలను దగ్గరకు తీసుకుంది. "నా నోటికెల్లి వచ్చిన మాట అది. నా నోట్లనే పోయింది. ఇగ దాన్ని నువ్వు మొయ్యకు బిడ్డా. తిను. నీకు ఒక్క కోడి తప్పే. ఆ కోడి గూడ నేనే పెడ్త."

ఆకులోంచి ఒక ముక్క తీసి కోడలి నోటికి అందించింది. సాయిప్రియ అత్త కళ్ళల్లోకి చూస్తూ నోరు తెరిచింది. మొదటి ముక్క మెల్లగా నమిలింది. రెండోది తానే తీసుకుంది. ఆ తర్వాత ఇక ఎవరూ అందించాల్సిన పని లేకపోయింది, ఆకు ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

బండతను అక్కడి నుంచే అడిగాడు. "ఏటమ్మా, ఇంకో కాయ కోసేమంటారా?"

జంపక్క పున్నమ్మ వైపు ఒకసారి చూసి, ఏడాది కిందట బోరింగు దగ్గర అందరికీ వినపడేలా అన్నంత గట్టిగానే చెప్పింది.

"కొయ్యి నాయనా. కారం జర తక్కువెయ్యి. మా పిల్ల వట్టి మనిషి గాదు."